అవే చేతులు

"ఆ పిల్లని ఇంటికి పిలవద్దన్నాను."

"పిలిచేశాను. దార్లో ఉంది."

"నాతో ఒక్కమాట చెప్పకుండానా?"

"చెబితే ఏమంటావో తెలుసు కాబట్టే చెప్పలేదు."

తేగ్యూ ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పి, మైకు తీగ చిక్కు విప్పే పనిలో పడ్డాడు. హ్యోరిమ్ వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. కుడిచేతి కట్టు ఈమధ్యనే విప్పారు. మణికట్టు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా చర్మం ఎర్రగా, ముడతలుపడి, తడికాగితం అంటించినట్టు మెరుస్తోంది. ఆ చేతిని ఎడమచేత్తో కప్పుకుంది. చూసేవాళ్ళు లేనప్పుడు కూడా అలా కప్పుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

కిటికీ పక్క బల్లమీద రెండు పెట్టెలున్నాయి. ఒకటి నల్లఫోను, ఒకటి సముద్రపు రంగుది. దేశంలో ఏ దుకాణానికీ ఇంకా రానివి. ఆ సాయంత్రమే వాటిని లోకానికి చూపించవచ్చునని కంపెనీవాళ్ళు తేగ్యూకు అనుమతి ఇచ్చారు.

ఏడేళ్ళుగా ఆ బల్లమీద పెట్టెలు విప్పింది హ్యోరిమ్. కెమెరా వెనక కూర్చుని మాట్లాడింది తేగ్యూ. చూసే లక్షలమందికి ఆమె ముఖం తెలీదు, పేరు తెలీదు. తెలిసినవి రెండు చేతులు. 'చేతులక్క' అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. ప్రతి వీడియోలోనూ తేగ్యూ పెట్టెను వెలుగులోకి జరిపి, "ఇక మా ఆవిడ చేతులకు అప్పగిద్దాం" అంటాడు. ఆ ఒక్కమాట వినడానికే వస్తామని రాసేవాళ్ళు బోలెడుమంది.

"గ్లౌజులు వేసుకుని చేస్తానన్నాను కదా?" అంది హ్యోరిమ్.

"ఆపరేషన్ చేస్తున్నట్టు ఉంటుంది."

"పోనీ ఉన్నదున్నట్టు చేస్తే?"

తేగ్యూ ఆ పొద్దుటినుంచి మొదటిసారి ఆమెకేసి చూశాడు. చూపు చేతిమీదికి వెళ్ళి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది.

"ఫోను చూద్దామని వచ్చినవాళ్ళు ఫోను చూడరు హ్యోరిమ్. చెయ్యే చూస్తారు."

అది అబద్ధం కాదు. అబద్ధమైతే పోట్లాడి ఉండేది.

కింద రేవులో, మరమ్మతుకొచ్చిన ఓడల తుప్పు రాలగొట్టే సుత్తుల మోత కిటికీ అద్దాల్ని అదరగొడుతోంది. యోంగ్దో దీవిలో ఆ కొండవాలు ఇళ్ళన్నిటికీ పగలంతా ఆ మోతే. మధ్యాహ్నం కూలీలు భోజనాలకు లేచినప్పుడు మాత్రం ఆగుతుంది. వీళ్ళ వీడియోలన్నీ ఆ భోజనాలవేళ తీసినవే.

తలుపు గంట మోగింది.

*

వచ్చిన పిల్ల పేరు సేబొమ్. నాంపో బజార్లో ఉంగరాల దుకాణంలో పని. గిరాకీల ముందు వేళ్ళు చాపి ఉంగరాలు చూపించడమే ఉద్యోగం. గుమ్మంలో చెప్పులు విప్పి, నడుం వంచి నమస్కారం చేసి తలెత్తగానే ఆ పిల్ల చూసింది హ్యోరిమ్ ముఖాన్ని కాదు, చేతుల్ని. చూసి, పెదవి కొరుక్కుంది.

"అక్కా, మీరేనా?"

"లోపలికి రా. ముందు ఆ గోళ్ళరంగు చెరుపుకో."

"లేతరంగే కదక్కా, కనబడదు."

"కెమెరాకి కనబడుతుంది."

తేగ్యూ దీపాలు సర్దుకుంటున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లో, వెచ్చటి నేలమీద, ఒక పాత ఫోను పెట్టె ముందేసుకుని కూర్చున్నారు. ఇది నేర్పమని హ్యోరిమ్‌ను ఎవరూ అడగలేదు. కానీ ఆ పిల్ల పెట్టెమూత గోళ్ళతో రక్కుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"లాగకు. మూతని పక్కలు పట్టుకుని పైకెత్తి, ఆగు. కింది పెట్టె దాని బరువుకి అదే జారుతుంది."

"ఎంతసేపు ఆగాలి?"

"జారేదాకా."

పాత పెట్టె నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కిందికి దిగింది. సేబొమ్ పకపకా నవ్వింది. "భలే ఉందక్కా! నేను ఆరో క్లాసులో ఉన్నప్పట్నుంచి చూస్తున్నాను మిమ్మల్ని. మా అమ్మ షిఫ్టుకి వెళ్ళిపోయేది. ఇంట్లో ఒక్కదాన్నే. మీ వీడియో పెట్టుకుని అన్నం తినేదాన్ని. ఎవరో పక్కన కూర్చుని ఏదో పని చేసుకుంటున్నట్టు ఉండేది."

హ్యోరిమ్ పాత పెట్టె మూత మళ్ళీ మూసింది. ఆ వీడియోలు తీసే రోజుల్లో తను మాత్రం ఎవరి పక్కన కూర్చుంది? తేగ్యూ గొంతు మైకులోకి పోయేది. తన చేతులు కెమెరాలోకి పోయేవి. దీపాలు ఆర్పాక ఇద్దరి మధ్యా మిగిలేది చల్లారిన బార్లీ టీ.

"కోపంగా ఉందా అక్కా నామీద?"

"ఆ చేతివేలికి దారమేంటి? తీసెయ్."

సేబొమ్ తలొంచుకుని దారం తెంపుకుంది.

*

సుత్తులు ఆగాయి. తేగ్యూ చెయ్యి ఊపాడు.

హ్యోరిమ్‌కు ఒక పని అప్పగించాడు. కిటికీ వెలుగు చేతులమీద పడేలా తెల్లటి అట్ట పట్టుకోవాలి. కెమెరాకు కనబడకుండా బల్లపక్కన మోకాళ్ళమీద కూర్చుని ఆమె అట్ట ఎత్తి పట్టుకుంది. ఏడేళ్ళలో ఈ వైపునుంచి ఆ బల్లను ఎప్పుడూ చూడలేదు. తన కుర్చీలో మరో మనిషి కూర్చుంది. ఆ పిల్లకు తొడిగిన తన నల్ల చొక్కాచేతుల్లోంచి తెల్లటి వేళ్ళు వచ్చాయి.

"నమస్కారం. అందరూ బాగున్నారా? ఇదిగో, వచ్చేసింది." తేగ్యూ గొంతు ఎప్పటిలాగే మెత్తగా, పక్కింటి అన్నయ్య మాట్లాడుతున్నట్టుంది. ఇంట్లో ఆ గొంతు వినబడి చాలాకాలమైంది. "ముందు నల్లది చూద్దాం. ఇక మా ఆవిడ చేతులకు అప్పగిద్దాం."

సేబొమ్ వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. హ్యోరిమ్ చేతిలో అట్ట ఒరిగింది. పెట్టెమీది వెలుగు నీళ్ళలా కదిలింది. ఆ కంగారులో పిల్ల మూత లాగేసింది. లోపలి కాగితం చిరిగింది.

"ఆపండి ఆపండి!" తేగ్యూ కెమెరా ఆపేశాడు. "వెలుగు కదిలింది. చూడు, అంతా పాడైపోయింది."

సేబొమ్ చిరిగిన కాగితాన్ని అరచేత్తో సాపుచేసింది.

"నోరు జారింది," అన్నాడు భార్యతో. "ఏడేళ్ళ అలవాటు. ఏం చెయ్యమంటావు?"

"సరే, జారింది. రెండోది తీయండి," అంది హ్యోరిమ్.

తేగ్యూ సముద్రపు రంగు ఫోను పెట్టెను బల్లమధ్యకు జరిపాడు. జరిపి, వెంటనే కెమెరా దగ్గరికి వెళ్ళలేదు. మెడ రుద్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"హ్యోరిమ్. ఎలాగూ మళ్ళీ తీస్తున్నాం కదా... నీ ఉంగరం ఒక్కసారి ఇస్తావా?"

"ఎందుకు?"

"వేలు బోడిగా ఉంటే అడుగుతారు. లేనిపోని పుకార్లు. నీకు తెలీనిదేముంది?"

సేబొమ్ గభాల్న చేతులు ఒళ్ళో దాచుకుంది. "నేను పెట్టుకోను సార్. దుకాణంలో అయితే ఎవరిదైనా పెట్టుకుంటాను. ఇది పెట్టుకోను."

"అయిదు నిమిషాలే కదమ్మా!"

"అయిదు నిమిషాలైనా సరే. మా అమ్మ వింటే చంపేస్తుంది."

హ్యోరిమ్ భర్త ముఖంలోకి చూసింది. మొదటిసారి నోరు జారింది, నిజమే. మరి ఇది? అతని ముఖంలో దుర్మార్గం ఏమీ లేదు. కరెంటు పోతే కొవ్వొత్తి ఉందా అని అడిగే మనిషి ముఖంలా ఉంది. ఆమెకు అందుకే భయమేసింది.

అట్ట నేలమీద పెట్టి, ఎడమచేతి ఉంగరం తిప్పి తిప్పి ఊడదీసింది. సేబొమ్ చెయ్యి లాక్కుని వేలికి తొడిగింది. ఉంగరం కాస్త వదులైంది.

"అక్కా, వద్దక్కా..."

"కానీ. మళ్ళీ సుత్తులు మొదలవుతాయి."

ఈసారి అట్ట కదల్లేదు. "ఇక మా ఆవిడ చేతులకు అప్పగిద్దాం," అన్నాడు తేగ్యూ. మొదటిసారికన్నా మెత్తగా అన్నాడు. మూత పైకి లేచింది, ఆగింది. కింది పెట్టె తనంతట తనే జారి దిగింది. అద్దం మీది పొరను మూలనుంచి లాగుతుంటే పట్టుచీర మడత విప్పినట్టు సన్నటి చప్పుడు. ఫోను వెలిగింది. నల్లటి అద్దంలోంచి నీలం ఉబికివచ్చి, ఎన్నో భాషల్లో పలకరింపులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. వేలు ఆనించమంది. సేబొమ్ బొటనవేలు ఆనించింది. గుర్తు పెట్టుకున్నానంది ఫోను.

తప్పు ఒక్కటి లేదు. హ్యోరిమ్ నేర్పింది నేర్పినట్టు చేసింది ఆ పిల్ల.

*

కెమెరా ఆపాక తేగ్యూ అలవాటు ప్రకారం అడిగాడు. "చేతిలో ఎలా ఉంది?"

అడిగింది హ్యోరిమ్‌నే. పెట్టె విప్పిన తరవాత ఆమె ఫోనును అటూ ఇటూ మార్చుకుని, తోచింది చెప్పేది. 'జారిపోతానంటోంది' అనో, 'పొద్దున్నే తలుపు గడియ పట్టుకున్నట్టుంది' అనో. తేగ్యూ ఆ మాటలే కాస్త దిద్ది మైకులో చెప్పేవాడు. జనం ఆహా అనేవారు.

"ఆ పిల్లనే అడగండి. పట్టుకున్నది తను కదా."

"బాగుంది సార్," అంది సేబొమ్. "చల్లగా ఉంది."

"చల్లగా... ఇంకా?"

"పల్చగా."

తేగ్యూ కలం పట్టుకుని ఎదురుచూశాడు. సేబొమ్ పాపం ఫోనును ఇటు తిప్పింది, అటు తిప్పింది. "అంతే సార్," అంది. అతను మళ్ళీ భార్యకేసి తిరిగాడు. "నువ్వొకసారి పట్టుకో."

"చల్లగా, పల్చగా ఉందట. రాసుకోండి."

సుత్తులు మొదలయ్యాయి. సేబొమ్ వెళ్ళేటప్పుడు ఉంగరం తీసి రెండు చేతులతో అందించింది. హ్యోరిమ్ తీసుకోలేదు. కొట్టమన్నా కొట్టని, తిట్టమన్నా తిట్టని మనిషి ముందు ఎంతసేపని నిలబడుతుంది? ఆ పిల్ల దాన్ని ఖాళీ పెట్టెలో, ఫోను ఉండే గుంటలో పెట్టి, మళ్ళీ నడుం వంచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

వీడియో సాయంత్రం బయటికి వెళ్ళింది.

తేగ్యూ హాల్లో నేలమీద బాసింపట్టు వేసుకుని, తెర కిందికి తోస్తూ కామెంట్లు చదువుతున్నాడు. హ్యోరిమ్ సముద్రపాచి చారు కలుపుతోంది. వినకూడదనుకుంటూనే వింటోంది. ఏడేళ్ళు. లక్షలమంది. ఇవెవరి చేతులని ఒక్కరైనా అడుగుతారు. ఒక్కరు చాలు.

"'రంగు అదిరింది.' 'ధర ఎంత?' 'నా పాతది మార్చేస్తా.' ఇదిగో, ఇది విను! 'చేతులక్కను చూడగానే ప్రాణం లేచొచ్చింది, చాలా రోజులైంది.' 'చేతులక్క చేతులు ఎప్పుడూ ఒకలాగే ఉంటాయి.'" తేగ్యూ గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. "చూశావా? ఒక్కడంటే ఒక్కడు కూడా గుర్తుపట్టలేదు!"

అతని గొంతులో సంతోషం నిజమైనది. శుభవార్త చెబుతున్నానే అనుకున్నాడు.

హ్యోరిమ్ గరిటె పక్కన పెట్టింది. "ఔను. ఎవరూ గుర్తుపట్టలేదు," అంది.

"మరింకేం? నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో. చెయ్యి నయమయ్యేదాకా..."

"నయమైపోయింది. ఇది ఇంతేనని డాక్టరు చెప్పాడు. మీరూ ఉన్నారుగా అప్పుడు!"

తేగ్యూ నవ్వు మెల్లగా ఆరిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు. నీళ్ళు వదిలిన చప్పుడైంది.

ఆమె చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. ఫోను తీసుకుంది. చల్లగానే ఉంది. కాసేపు పట్టుకుంటే అరచేతి వేడి తీసుకుని తనదైపోతుందేమో అన్నంత నున్నగా ఉంది. నది అడుగున రాయి ఇలాగే ఉంటుంది. అతనికి చెప్పాల్సిన మాట ఇదే. చెప్పలేదు. చెప్పనందుకు సంతోషమూ లేదు.

బొటనవేలు ఆనించింది. ఫోను చిన్నగా వణికింది. గుర్తుపట్టలేకపోయానంది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ అదే మాట.

తన సొంత ఇంట్లో, తన బల్లముందు, తన కుర్చీలో కూర్చుని హ్యోరిమ్ ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడ్వడం ఆమెకు కష్టమేమీ కాదు. మైకు ఉన్న గదిలో ఏడేళ్ళు ఊపిరి బిగబట్టి బతికిన మనిషి.

*

తలుపు దబదబా బాదిన చప్పుడు.

తీస్తే అత్తగారు. చేపల బజార్లో ఎండు నెత్తళ్ళ కొట్టు ఆమెది. కొట్లో కట్టుకునే రబ్బరు పైబట్ట కూడా విప్పకుండా, రొప్పుతూ, చేతిలో ఫోను పట్టుకుని నిలబడింది. మామగారి తద్దినం నాటినుంచి ఆమె ఈ గడప తొక్కలేదు. ఆరోజు చేపముక్కలు వేయిస్తూ "పెనం పిడి ఊగుతోంది అత్తయ్యా" అని కోడలంటే, "నేను కాపురానికొచ్చిననాటినుంచీ ఊగుతోంది, పడిందా?" అని కసిరింది. అన్నంతసేపు పట్టలేదు, కాగే నూనెతో సహా కోడలి చేతిమీద పడింది. అప్పటినుంచి కూరల గిన్నెలు తలుపు గడియకు తగిలించి, గంటైనా కొట్టకుండా మెట్లు దిగిపోతోంది. ఆమె క్షమించమనలేదు. ఈమె ఫర్వాలేదనలేదు.

"వాడేడీ?"

"స్నానానికి వెళ్ళారు అత్తయ్యా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఒరే తేగ్యూ!"

తల తుడుచుకుంటూ వచ్చాడు కొడుకు. ముసలామె ఫోను అతని ముక్కుకు ఆనించినంత పని చేసింది. "కొట్లో అందరికీ చూపించాను, మావాడిదే, మా కోడలేనని. చూపిస్తూ చూపిస్తూ నాకే నోట మాట రాలేదు. ఉంగరం నేను పెట్టిందే. చెయ్యే నా కోడలిది కాదు. ఎవత్తెరా ఇది?"

"అమ్మా, నెమ్మది. అది పని. దుకాణం పిల్ల. చెయ్యి అలా ఉంది కదాని..."

"చెయ్యి అలా ఉందని మనిషినే మార్చేస్తావా? రేపు నా మోకాళ్ళు పూర్తిగా పోతే మరో ముసల్దాన్ని తెచ్చి అమ్మా అంటావా?"

"ఎవరికీ తెలీలేదు అమ్మా! అంతమంది చూశారు, ఒక్కరికీ..."

"నాకు తెలిసింది."

హ్యోరిమ్ గోడకు ఆనుకుంది. అడుగుతారనుకున్న ఆ ఒక్కరూ ఈమెనా? పోట్లాటకు తప్ప తన ముఖంలోకి చూడని ఈ మనిషా?

అత్తగారు కోడలివైపు తిరిగింది. పైబట్టకు చేతులు తుడుచుకుంది. "నేనే... ఆ పెనం..." అని ఆగిపోయింది. హ్యోరిమ్ వెళ్ళి బార్లీ టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ముసలామె గ్లాసుతోపాటు ఆ కాలిన చేతిని కూడా పట్టుకుని, వదల్లేదు.

అప్పుడు మోగింది తేగ్యూ ఫోను.

ఫోన్ల కంపెనీలో ప్రచారం పనులు చూసుకునే ఆవిడ. తేగ్యూ కంగారుగా తువ్వాలు విసిరేసి తీశాడు. తడి చేతివేలు తగిలి స్పీకరు ఆనై, ఆమె గొంతు గదంతా వినబడింది.

"తేగ్యూగారూ, అదరగొట్టేశారు! మావాళ్ళంతా చేతులక్క గురించే మాట్లాడుకుంటున్నారు. వచ్చేవారం సోల్‌లో వేదికమీద కొత్త ఫోను విప్పే పని ఆవిడకే అప్పగిద్దామని నిర్ణయించాం. ఇన్నేళ్ళు దాచారు, ఇక ముఖం చూపించాల్సిందే. టీవీవాళ్ళు కూడా వస్తున్నారు. మీ ఆవిడ ఒప్పుకుంటారు కదూ?"

తేగ్యూ తల్లికేసి చూశాడు. భార్యకేసి చూశాడు. "అంటే... మేడమ్... తనకి కొంచెం ఒంట్లో..."

అత్తగారి పట్టు సడలింది. హ్యోరిమ్ రెండడుగులు వేసి భర్త చేతిలోంచి ఫోను తీసుకుంది. అతను వద్దని తల ఊపాడు. బతిమాలుతున్నట్టు మళ్ళీ ఊపాడు.

"నమస్కారమండీ. నేను తేగ్యూ భార్యని, హ్యోరిమ్‌ని."

"అయ్యో, చేతులక్కా! మీ గొంతు వినడం ఇదే మొదటిసారి! వస్తారు కదూ?" ఆవిడ పెద్దగా నవ్వింది.

"వస్తానండీ," అంది హ్యోరిమ్. "వచ్చేముందు ఒక్క సంగతి చెప్పండి. ఎవరి చేతులు తీసుకురమ్మంటారు? ఏడేళ్ళు పెట్టెలు విప్పినవా, ఇవాళ విప్పినవా?"

అవతల నవ్వు ఆగిపోయింది.